ఐర్లండ్‌కు ఇంకో బ్రేడీ ఎందుకు దొరకడం లేదు

ఉరుగ్వే జనాభా సుమారు 35 లక్షలు. 2011 లెక్కల్లో మన పాత వరంగల్ జిల్లా జనాభా కూడా ఇంచుమించు అంతే. జనగామ నుంచి ఏటూరునాగారం దాకా, మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి దాకా ఉన్న జనాన్నంతా ఒక దగ్గర పోగేస్తే ఒక ఉరుగ్వే. జిల్లా అంత ఉన్న ఆ దేశం 1930లో, 1950లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ కొట్టింది, సువారెజ్ లాంటి స్ట్రైకర్‌ను ఇచ్చింది. క్రొయేషియాలో ఇంకో నాలుగు లక్షల మంది ఎక్కువ ఉంటారు. మిడ్‌ఫీల్డ్‌లో ఆట నడిపే మోద్రిచ్ వాళ్లవాడే, 2018లో ఫైనల్ దాకా వచ్చారు. ఐర్లండ్‌లో 2022 సెన్సస్ ప్రకారం 51 లక్షల మంది ఉన్నారు. డబ్బున్న దేశం, బంతి అంటే పడి చచ్చే దేశం. అయినా బంతి కాలికి తగిలేలోపే మిగతా ఇరవై ఒక్క మంది ఎక్కడున్నారో చూసిపెట్టుకునే, లియామ్ బ్రేడీ లాంటి ఆటగాడు అక్కడి నుంచి వచ్చి చాలా కాలమైంది. గట్టి డిఫెండర్లు వస్తారు, మంచి గోల్‌కీపర్లు వస్తారు, ఊపిరాడకుండా పరిగెత్తే హాఫ్‌లు, అంటే మధ్యలో ఆడేవాళ్లు, వస్తారు. ఆటను తిప్పేవాడు రాడు.

ఐర్లండ్ గురించి మీకెందుకు సార్ ఇంత రంది అని మా స్టాఫ్‌రూంలో అడుగుతుంటారు. హనుమకొండ పక్కన ఒక సర్కారు బడిలో పీఈటీని నేను. మా అక్క కొడుకు డబ్లిన్‌లో ఎంఎస్ చేసి, అక్కడే ఉద్యోగం దొరికి ఉండిపోయాడు. టాలా అనే పేటలో ఇల్లు. ఐర్లండ్‌కు 146 మ్యాచ్‌లు ఆడి 68 గోల్స్ కొట్టిన రాబీ కీన్‌ది ఆ పేటే. మావాడి కొడుకు అక్కడి పిల్లల క్లబ్బులో ఆడతాడు, ఆ వీడియోలు నా వాట్సాప్‌కు వస్తాయి. పిల్లాడు బాగా ఆడుతున్నాడా అని చూసుకోవడానికి మావాడు పంపిస్తే, నేను మాత్రం లైన్ పక్కన నిలబడ్డ పెద్దలు ఏం అరుస్తున్నారో వింటుంటాను.

అంతకన్నా ముందు ఇంకో సంగతి ఉంది. 2012లో మన ఇండియా టీంకు కోచ్‌గా వచ్చిన విమ్ కూవర్‌మన్స్ గుర్తున్నాడా? డచ్చాయన. వచ్చిన ఏడాదే ఢిల్లీలో నెహ్రూ కప్ గెలిపించాడు. ఆయన ఇక్కడికి రాకముందు నాలుగేళ్లు ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘంలో పిల్లల ఆటను తీర్చిదిద్దే డైరెక్టర్ పనిలో ఉన్నాడు. ఒక డచ్ మనిషిని పిలిచి మా పిల్లలకు ఆట నేర్పించండి అని అడిగేంత అవసరం, ఇంగ్లండ్ పక్కనే ఉన్న దేశానికి ఎందుకొచ్చిందా అని అప్పుడు మొదలైంది నాకు ఈ పురుగు. ఆయన తర్వాత ఆ పనిలోకి వచ్చిన రూడ్ డోక్టర్ కూడా డచ్చాయనే.

మొదట ఒక మాట ఒప్పుకోవాలి. పనితనం ఉన్న పిల్లలు ఐర్లండ్‌లో పుట్టరని అనేవాళ్లకు లియామ్ బ్రేడీ ఒక్కడు చాలు. డబ్లిన్‌లో పుట్టాడు, పదిహేనేళ్లకే ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌కు పోయాడు, ఎడమ కాలితో ఏది చెప్తే అది చేసేది బంతి. 1980లో యువెంటస్ కొనుక్కుంది. అప్పట్లో ఇటలీ లీగ్ అంటే ఒక్కో క్లబ్బుకు ఒక్క విదేశీ ఆటగాడు, ఆ ఒక్క చోటును ఐర్లండ్ పిల్లాడికి ఇచ్చారంటే ఆలోచించండి. రెండేళ్లలో రెండు లీగ్‌లు గెలిచారు. రెండో లీగ్ ఆఖరి మ్యాచ్ కటన్‌జారోలో. తన చోటులోకి ఫ్రాన్స్ ఆటగాడు ప్లాటినీని తెస్తున్నారని, తనను పంపించేస్తున్నారని బ్రేడీకి అప్పటికే తెలుసు. మ్యాచ్‌లో పెనాల్టీ వచ్చింది. ఆయనే వెళ్లి కొట్టాడు, ఆ గోల్‌తోనే లీగ్ ఖాయమైంది. పోయే మనిషికి కూడా అంత నిబ్బరం.

ఇక ఆ మనిషిని సొంత దేశం ఎలా వాడుకుందో చూడండి. 1986లో జాక్ చార్ల్‌టన్ ఐర్లండ్ మేనేజర్‌గా వచ్చాడు. 1966లో ఇంగ్లండ్ ప్రపంచకప్ గెలిచినప్పటి డిఫెండర్ ఆయన. ఆయన లెక్క చాలా తేలిక. మధ్యలో బంతి పెట్టుకుని పాస్‌లు ఆడితే పోగొట్టుకుంటాం, కాబట్టి అవతలి డిఫెండర్ల వెనక ఖాళీలోకి పొడుగ్గా కొట్టు, అందరూ కలిసి మీద పడు, వాళ్లు తడబడితే లాక్కో. ఈ లెక్కలో బంతిని కాలి కింద పెట్టుకుని ఒక్క క్షణం ఆలోచించే మనిషికి చోటు లేదు. 1989 సెప్టెంబర్‌లో డబ్లిన్‌లో పశ్చిమ జర్మనీతో మ్యాచ్ జరుగుతుంటే, సగం ఆట కూడా కాకముందే బ్రేడీని బయటికి పిలిచేశాడు చార్ల్‌టన్. సొంత జనం ముందు. 72 మ్యాచ్‌లు ఆడిన మనిషి ఆ తర్వాత దేశం తరఫున ఆట మానుకున్నాడు.

చార్ల్‌టన్‌ను తిట్టడం నాకిష్టం లేదు. ఆయన్ని తెచ్చింది గెలిపించడానికి, గెలిపించాడు. ఐర్లండ్ మొట్టమొదటి పెద్ద టోర్నీ 1988 యూరో (యూరప్ దేశాల కప్), అందులో స్టుట్‌గార్ట్‌లో ఇంగ్లండ్‌నే 1-0తో ఓడించారు. 1990 ప్రపంచకప్‌లో క్వార్టర్ ఫైనల్. 1994లో ఇటలీ మీద గెలుపు. కోచింగ్ మీద బతికే నాలాంటివాడు అలాంటి ఫలితాలకు దండం పెట్టాల్సిందే. కానీ 1990 సంగతి కొంచెం దగ్గర నుంచి చూడండి. ఐదు మ్యాచ్‌లు, మొత్తం రెండు గోల్స్. రొమేనియాను పెనాల్టీల్లో దాటారు తప్ప ఆటలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఈజిప్ట్‌తో 0-0 అయిన రోజు ఈమన్ డన్‌ఫీ అనే మాజీ ఆటగాడు టీవీ స్టూడియోలో కూర్చుని పెన్ను విసిరికొట్టాడు, ఇదేం ఆట అని. దేశం మొత్తం ఆయన మీద పడింది. గెలుస్తున్న ఇంట్లో తప్పు చెప్పేవాణ్ని ఎవరు ఓర్చుకుంటారు? ఆ టోర్నీ ఎంత చప్పగా సాగిందంటే, గోల్‌కీపర్‌కు వెనక్కి పాస్ ఇచ్చి చేత్తో పట్టించుకుని టైం తినే పద్ధతిని 1992లో నిబంధన మార్చి ఆపేశారు.

ఇంకోటి. ఆ టీంలో సగం మంది ఐర్లండ్‌లో పెరిగినవాళ్లు కారు. ఇంగ్లండ్ మీద, ఇటలీ మీద గోల్ కొట్టిన రే హౌటన్‌ది గ్లాస్గో, ఆల్‌డ్రిడ్జ్‌ది లివర్‌పూల్, కెప్టెన్ మిక్ మెకార్తీది బార్న్‌స్లీ. తండ్రో తాతో నానమ్మో ఐరిష్ అయితే చాలు, ఆడొచ్చు. నిబంధన ప్రకారం తప్పేం లేదు. కానీ ఆ గెలుపులు చూసి మా దగ్గర పిల్లల్ని తయారు చేసే పద్ధతి బాగుంది అనుకోవడానికి వీల్లేదు కదా. వేరేవాళ్ల దగ్గర తయారైన సరుకుతో గెలిచి, గెలిచాం కాబట్టి ఏదీ మార్చనక్కర్లేదు అనుకున్నారు. అసలు దెబ్బ అక్కడ పడిందని నా లెక్క. 1990లో టీవీల ముందు గంతులేసిన పిల్లలే తర్వాత పెరిగి తమ పేటల్లో పిల్లలకు కోచ్‌లయ్యారు. వాళ్లు చూసి నేర్చుకున్న ఆట అది.

టాలా వీడియోలో ఒకటి మా మనవడిది. వాన పడుతోంది, అక్కడ ఎప్పుడు పడదు గనక. వాడికి సొంత గోల్ దగ్గర బంతి వచ్చింది. ఎదురుగా ఒక పెద్ద పోరడు పరుగెత్తి వస్తున్నాడు. వీడు బంతిని ఆపలేదు, కుడి కాలి లోపలి అంచుతో కొద్దిగా పక్కకు జారనిచ్చి, నడుం తిప్పి, ఆ పోరణ్ని అట్లాగే ముందుకు పోనిచ్చాడు. ఎవరూ నేర్పని పని అది. నేను కుర్చీలోంచి లేచాను. వీడియోలో మాత్రం లైన్ పక్క నుంచి ఒక మగగొంతు, ‘గెట్ రిడ్ ఆఫ్ ఇట్!’ అని. ఇంకో గొంతు కూడా అదే మాట. వీడు బెదిరిపోయి బంతిని ఎటో కొట్టేశాడు, ఔట్. చప్పట్లు కొట్టారు! ఎటు పోయిందో కూడా చూడకుండా చప్పట్లు. రాత్రి ఫోన్లో మావాడు నవ్వుతున్నాడు. ‘మామా, ఈడ కూడ మన లెక్కనే ఉన్నది. కొట్టెయ్ కొట్టెయ్ అనుడే.’

‘నువ్వేమన్నవ్ మరి వాణ్ని?’

‘నేనేమంట మామా, వాళ్ల కోచ్ ఉండంగ.’

ఆ కోచ్‌ను కూడా తప్పుపట్టలేం. ఆయన వారమంతా ఏదో పని చేసుకుని శనివారం పిల్లల కోసం వచ్చే ఒక తండ్రి, అంతే. ఐర్లండ్‌లో పిల్లల ఆటంతా దశాబ్దాలుగా నడిచింది అలాంటి మంచి మనుషుల మీదే. ఆ మంచితనానికి తగిన చదువు వెనక ఎవరూ చెప్పలేదు, అదే బాధ. పైగా చిన్నప్పటి నుంచే లీగ్‌లు, టేబుళ్లు, కప్పులు. పదేళ్ల పిల్లలు గెలవాలంటే దగ్గరి దారి ఒకటే. తోటి పిల్లలకన్నా ముందు ఎదిగినవాణ్ని వెనక నిలబెట్టి పొడుగ్గా కొట్టించు, ఇంకో ఎదిగినవాణ్ని ముందు నిలబెట్టి పరిగెత్తించు. మధ్యలో ఉన్న చిన్నవాడి తల మీదుగా బంతి అటూ ఇటూ పోతుంటుంది, వాడు మెడనొప్పితో ఇంటికి పోతాడు. గత పదేళ్లలో ఇది చాలా మార్చారు. చిన్న పిల్లలకు చిన్న మైదానం, తక్కువ మంది, టేబుల్ లేదు. మావాడి కొడుకు క్లబ్బులోనూ స్కోర్ రాసుకోరు. అరిచే నాన్నలు మాత్రం మనసులో రాసుకుంటున్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంగ్లండ్ ఒక ఎత్తు. ఐర్లండ్ పిల్లాడికి తరతరాలుగా కల ఒకటే, పదిహేను పదహారేళ్లకు పడవో విమానమో ఎక్కి ఇంగ్లండ్ క్లబ్బుకు పోవడం. డబ్లిన్‌లో పిల్లల క్లబ్బులకు పేరొచ్చింది ఎంతమందిని అక్కడికి పంపారు అన్నదాన్ని బట్టే, డబ్బొచ్చింది కూడా దాన్నుంచే. మన దగ్గర పదో తరగతి కాగానే తెలివైన పిల్లాణ్ని తీసుకెళ్లి హైదరాబాద్‌లో హాస్టల్లో వేసి, వాడిక వాళ్ల బాధ్యత అనుకుంటామే, అచ్చం అదే. పిల్లల్ని బయటికి పంపేవాళ్లు సొంత కాలేజీ ఎందుకు కట్టుకుంటారు? ఐర్లండ్ కూడా కట్టుకోలేదు. దేశంలో లీగ్ ఉంది, క్లబ్బులున్నాయి, కానీ పదహారు నుంచి ఇరవై ఏళ్ల పిల్లాడికి రోజూ నేర్పే ఏర్పాటు, జీతమిచ్చి పెట్టుకున్న కోచ్‌లు అనేవి దాదాపు లేవు. ఆ పని ఇంగ్లండ్ చేస్తుందిలే అన్న ధీమా.

ఇంగ్లండ్ మరి ఏం చేసింది? డెబ్బైలు, ఎనభైల్లో వచ్చే స్కౌట్‌కు తన మేనేజర్ ఏమడుగుతాడో తెలుసు. బలం, వేగం, భయం లేకపోవడం. వాళ్లకు అమ్ముడుపోవాలంటే ఇక్కడ పిల్లల్ని అలాగే పెంచాలి. తర్వాత ప్రీమియర్ లీగ్ వచ్చింది, ప్రపంచమంతటి నుంచి కాళ్లలో కళ ఉన్నవాళ్లను డబ్బు పోసి తెచ్చుకోవడం మొదలైంది. అప్పుడు ఐర్లండ్ పిల్లాడికి పోటీ ఎవరితో? బ్రెజిల్‌తో, ఫ్రాన్స్‌తో, సెనెగల్‌తో. మొన్నటి దాకా కొద్దిమందిలో ఒకడికి దొరికిన చోటు ఇప్పుడు ఎంతోమందిలో ఒకడికి. పోయినవాళ్లలో చాలామంది రెండు మూడేళ్లకే చదువూ ఆటా రెండూ లేకుండా ఇంటికి తిరిగొచ్చారు. అందుకే ఈ కథలో నాకు విలన్ ఎవరూ కనపడరు. కొనేవాడు అడిగిన సరుకే తయారు చేసుకుంటూ వచ్చారు, కొనేవాడు షాపు మార్చేశాడు.

రాయ్ కీన్ సంగతి చూడండి. రాబీ కాదు, తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్ అయిన రాయ్. కార్క్ పిల్లాడు. చిన్నగా ఉన్నాడని ఎన్ని చోట్ల వద్దన్నారో. ఇంగ్లండ్ క్లబ్బులకు తనే ఉత్తరాలు రాసుకున్నాడు. చివరికి కోవ్ రాంబ్లర్స్ అనే చిన్న క్లబ్బులో ఆడుతుంటే నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 1990లో తీసుకుంది. ఆయనది మొండి ఘటం కాబట్టి నిలబడ్డాడు. అదే వయసులో అదే మాట విని, సరే అనుకుని ఇంటికి పోయిన మెత్తటి మనసు పిల్లలు ఎంతమందో ఎవరు లెక్క రాశారు? కాళ్లలో కళ ఉన్న పిల్లలకు మొండితనం కూడా ఉండాలన్న రూలేం లేదు.

ఈ నొప్పి నాకు ఇక్కడ బాగా తెలుసు. జిల్లా స్థాయి అండర్-14 సెలెక్షన్ ఒకదానికి మా బడి నుంచి ఏడో తరగతి పిల్లాణ్ని తీసుకెళ్లాను. ఒడ్డూ పొడుగూ లేడు, చెప్పుల్లేకుండా ఆడటం అలవాటు, ఆ రోజు ఎవరివో షూస్ వేసుకున్నాడు, ముందు కాగితం కుక్కి. ట్రయల్ మ్యాచ్‌లో వాడికి బంతి వచ్చిందే కొన్నిసార్లు. వచ్చిన ప్రతిసారీ తలెత్తి చూసి, ఎవరికీ కనపడని ఖాళీలోకి వేశాడు. అవతల అందుకోవాల్సిన వాడికి ఆ పాస్ అర్థమే కాలేదు, నిలబడి చూశాడు. చూసేవాళ్లకు అది తప్పు పాస్‌లాగే కనపడుతుంది మరి. లిస్టు చదివినప్పుడు వాడి పేరు లేదు. ‘పోరడు మంచిగనే ఉన్నడు గని సార్, సైజు లేదు, ఆడ తట్టుకోడు’ అన్నారు. ఎంపికైన వాళ్లలో మీసాలొచ్చిన అండర్-14లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వయసు సర్టిఫికెట్ల గురించి ఇక్కడ రాస్తే ఇదే వేరే వ్యాసం అవుతుంది, వదిలేద్దాం. ఆ పిల్లాడు ఇప్పుడు కబడ్డీ ఆడుతున్నాడు, బాగానే ఆడుతున్నాడు.

ఐర్లండ్ వాళ్లనడిగితే ఎక్కువమంది చెప్పే కారణం వేరే. గేలిక్ ఫుట్‌బాల్ (చేతులూ కాళ్లూ వాడి ఆడే ఐర్లండ్ సొంత ఆట), హర్లింగ్ (కర్రలతో ఆడే ఇంకో సొంత ఆట), రగ్బీ మంచి పిల్లలందరినీ లాగేసుకుంటున్నాయి అంటారు. 1884లో థర్లెస్ అనే ఊళ్లో ఒక హోటల్లో కూర్చుని మొదలుపెట్టిన గేలిక్ ఆటల సంఘం ఇవాళ ప్రతి ఊళ్లోనూ ఉంది. డబ్లిన్‌లో వాళ్ల క్రోక్ పార్క్‌లో 82 వేల మంది పడతారు, ఆడేవాళ్లకు జీతం మాత్రం లేదు. ఈ సంఘం తన సభ్యులు ఫుట్‌బాల్, రగ్బీ, క్రికెట్ లాంటి ‘పరాయి ఆటలు’ ఆడకూడదని, చూడకూడదని కూడా నిషేధం పెట్టుకుంది. 1938లో దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి వెళ్లాడని, తమ సంఘం గౌరవ పోషకుడి హోదాలోంచి ఆయన్నే తీసేశారు. రాష్ట్రపతిని! 1971 దాకా ఆ నిషేధం ఉంది. అంటే తల్లిదండ్రుల చాటున ఫుట్‌బాల్ ఆడిన తరాలున్నాయి అక్కడ.

నిజమే, పిల్లలు పంచుకుపోతారు. కానీ ఈ వాదన నాకు పూర్తిగా ఎక్కదు. పిల్లల సంఖ్య తగ్గితే అన్ని రకాల ఆటగాళ్లూ తగ్గాలి. డిఫెండర్లు, గోల్‌కీపర్లు దొరుకుతూ, మధ్యలో తిప్పేవాడు ఒక్కడే దొరకడం లేదంటే లోపం సంఖ్యలో లేదు. పైగా జాక్ గ్రీలిష్‌ను చూడండి. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఐరిష్ కుటుంబం పిల్లాడు, చిన్నప్పుడు గేలిక్ ఫుట్‌బాల్ ఆడాడు, ఐర్లండ్ అండర్-21 దాకా ఆడి, తర్వాత ఇంగ్లండ్‌ను ఎంచుకున్నాడు. మీదికి వచ్చేవాణ్ని నడుంతో ఆపుకుంటూ బంతిని కాపాడుకునే ఆ పద్ధతి గేలిక్ ఆట వల్ల చెడిపోయినట్టు నాకైతే కనపడలేదు. డెక్లన్ రైస్ అయితే ఐర్లండ్ సీనియర్ టీంకు మూడు ఫ్రెండ్లీలు ఆడి మరీ వెళ్లిపోయాడు. అదో పుండు, గెలకను.

వెస్ హూలహన్ గురించి రాయాలి. నాకు ఈ కథ మొత్తంలో ఎక్కువ ఇష్టమైన మనిషి. డబ్లిన్ వాడు, పొట్టి, ఎడమ కాలు. ఐర్లండ్ లీగ్‌లో షెల్‌బోర్న్‌కు ఆడి, తర్వాత స్కాట్లండ్‌లో లివింగ్‌స్టన్, ఆపై బ్లాక్‌పూల్, నారిచ్. ట్రపటోనీ అనే ఇటలీ పెద్దాయన మేనేజర్‌గా ఉన్న కాలంలో 2008లో ఒక ఫ్రెండ్లీ ఆడించి, ఆ తర్వాత ఏళ్లకేళ్లు పక్కన పెట్టారు. 2012 యూరోకు హూలహన్ లేడు. ఆ టోర్నీలో గ్దాన్స్క్‌లో స్పెయిన్ చేతిలో 0-4, బంతి కాలికి తగిలితే ఒట్టు. 2016 యూరో నాటికి ఆయనకు 34 ఏళ్లు, పెద్ద టోర్నీలో చోటు అప్పుడు దొరికింది. స్వీడన్ మీద గోల్ కొట్టాడు. తర్వాత లీల్‌లో ఇటలీతో మ్యాచ్. గెలిస్తేనే ముందుకు. 0-0. సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. ఆఖరి నిమిషాల్లో ఒంటరిగా గోల్‌కీపర్ ముందు దొరికింది బంతి, నేరుగా వాడి చేతుల్లోకే కొట్టాడు. అలాంటి తప్పు చేసినవాడు ఎవడైనా ఆ తర్వాత కాసేపు బంతి రాకుంటే బాగుండునని దాక్కుంటాడు. దాక్కునే ఆటగాళ్లను నేను రోజూ చూస్తుంటాను, నిలబడే తీరులోనే తెలిసిపోతుంది. హూలహన్ మళ్లీ అడిగి తీసుకున్నాడు. నిమిషం తిరక్కుండా కుడివైపు నుంచి ఎడమ కాలితో లోపలికి వంపు తిప్పి వేసిన బంతి, ఇద్దరు ఇటలీ డిఫెండర్లకూ గోల్‌కీపర్‌కూ మధ్య, ఎవరిదీ కాని చోట పడింది. రాబీ బ్రేడీ (ఈయన వేరే బ్రేడీ) వచ్చి తలతో కొట్టాడు. దేశం ఏడ్చింది సంతోషంతో.

ఇలాంటివాణ్ని ముప్పై ఏళ్లు దాటేదాకా నమ్మలేదు, చూడండి. హూలహన్‌ను ఐర్లండ్ తయారు చేసుకోలేకపోయిందా? చేసుకుంది. కళ్లముందు పెట్టుకుని, వీడు రిస్క్ అని పక్కన కూర్చోబెట్టింది. నా మట్టుకు నాకు ఇదే మొత్తం జబ్బు. పదేళ్ల పిల్లాడికి నాన్న చెప్పేదీ, దేశం మేనేజర్ చెప్పేదీ ఒకే మాట. బంతి పోగొట్టుకోవడం నేరం, దూరంగా కొట్టేయడం బాధ్యత. పోగొట్టుకునే హక్కు లేని పిల్లాడు కొత్తది ఏం ప్రయత్నిస్తాడు?

2020లో స్టీఫెన్ కెన్నీ మేనేజర్‌గా వచ్చి పాస్‌ల ఆట ఆడిద్దామని చూశాడు. 2021 మార్చిలో డబ్లిన్‌లోనే లక్సెంబర్గ్ చేతిలో 0-1తో ఓడారు. అలా ఆడుతూ పెరగని వాళ్లతో అలా ఆడించబోతే కాళ్లు వణుకుతాయి. ఆయన్ని 2023లో పంపించేశారు. అది ఆయన ఒక్కడి తప్పంటే నేనొప్పుకోను.

ఇప్పుడొక విచిత్రం జరిగింది. బ్రెగ్జిట్ వల్ల 2021 జనవరి నుంచి ఇంగ్లండ్ క్లబ్బులు పద్ధెనిమిదేళ్లు నిండని విదేశీ పిల్లల్ని తీసుకోవడానికి లేదు. పడవ ఆగిపోయింది. పిల్లలు ఇంటి దగ్గరే ఉండాల్సి వస్తోంది. 2015 నుంచి అండర్-17, ఆ తర్వాత అండర్-15, ఇంకా చిన్న వయసు లీగ్‌లు జాతీయ స్థాయిలో పెట్టడం మంచిదైంది, లేకుంటే వీళ్లంతా ఎక్కడ ఆడేవాళ్లు? మేసన్ మెలియా అనే పిల్లాడు డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్స్ క్లబ్బుకు పెద్దవాళ్లతో లీగ్‌లో గోల్స్ కొట్టి, ఆ తర్వాతే ఇంగ్లండ్ క్లబ్బు టాటెన్‌హామ్‌కు ఐర్లండ్ లీగ్ రికార్డు ధరకు అమ్ముడయ్యాడు. కొంతమంది పిల్లలు ఇంగ్లండ్ బదులు ఇటలీ, హాలండ్ దారి పడుతున్నారు. నేర్పే కోచ్‌లకు జీతాలు ఇంకా సరిపోవు, ఫుట్‌బాల్ సంఘం 2019లో అప్పుల్లో కూరుకుపోయి బయటపడ్డ దెబ్బ ఇంకా మానలేదు. అయినా మొదటిసారి బాధ్యత తమ నెత్తిన పడింది. మన లెక్కన చెప్పాలంటే హాస్టల్ మూసేశారు.

నేర్పు అంటే ఏమిటో తెలియక కాదు, అది ఎక్కడైనా తెలిసినవాళ్లు ఉంటారు. మా నాన్న కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టర్. మేము క్వార్టర్స్ వెనక ఆడుతుంటే షెడ్‌లో పనిచేసే ఒక పెద్దాయన డ్యూటీ దిగి వచ్చి, ఇవాళ అందరూ ఎడమ కాలితోనే ఆడాలి, కుడి కాలు తగిలితే ఫౌల్ అనేవాడు. నవ్వొచ్చేది మాకు. పడిపోయేవాళ్లం, బంతి ఎటో పోయేది, ఆయన ఒక్క మాట అనేవాడు కాదు. హైదరాబాద్‌లో రహీం సాబ్ దగ్గర చూసి నేర్చుకున్నా అని చెప్పేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీం, సిటీ పోలీస్ టీం కోచ్, 1956 ఒలింపిక్స్‌లో ఇండియాను నాలుగో స్థానంలో నిలబెట్టి 1962లో ఆసియా క్రీడల బంగారం తెచ్చినాయన. బలం లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టించేవాడు. తులసీదాస్ బలరాం లాంటి సికింద్రాబాద్ పిల్లాడు ఆయన చేతిలో పడ్డాడు. 1963లో రహీం పోయాక ఆ చదువు ఎవరూ రాసిపెట్టుకోలేదు, మన కథ ఎట్లా అయిందో తెలిసిందే. ఐర్లండ్‌ను వేలెత్తి చూపే అర్హత మనకు లేదులెండి.

2025 నవంబర్‌లో మావాడితో రాత్రి ఫోన్లో పెద్ద గొడవే అయింది. ట్రాయ్ పారట్ ముందు డబ్లిన్‌లో పోర్చుగల్ మీద రెండు గోల్స్ కొట్టాడు, మూడు రోజులకు బుడాపెస్ట్‌లో హంగరీ మీద మూడు. 3-2. పారట్ డబ్లిన్ పిల్లాడు, పదిహేనేళ్లకే టాటెన్‌హామ్‌కు పోయాడు, అద్దెకు ఇచ్చిన వస్తువులా క్లబ్బు నుంచి క్లబ్బుకు తిరిగాడు, ఆఖరికి హాలండ్‌లో ఎక్సెల్సియర్, ఆ తర్వాత ఏజడ్ ఆల్క్‌మార్ దగ్గర మళ్లీ ఆటగాడయ్యాడు. హంగరీ మీద రెండో గోల్, గోల్‌కీపర్ ముందుకొస్తే మెత్తగా పైనుంచి ఎత్తి వేసింది, ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో నేర్పే పని కాదది. చూశావా, హాలండ్‌కు పోయాకే వాడికి కాలు తిరిగింది అన్నాను నేను.

‘మామా, మరి మూడోది?’ అన్నాడు వాడు.

మూడోది 96వ నిమిషంలో. గోల్‌కీపర్ కెలహర్ సగం మైదానం దాటేలా పొడుగ్గా కొట్టాడు, డిఫెండర్ స్కేల్స్ తలతో ముందుకు తోశాడు, పారట్ కాలివేళ్లతో పొడిచాడు. అచ్చంగా చార్ల్‌టన్ గోల్. డబ్లిన్ రోడ్ల మీద జనం ఊగిపోతున్న చప్పుడు ఫోన్లోంచి నాకు వినపడుతూనే ఉంది, వాడు దాంట్లోంచే అరుస్తున్నాడు, ‘పొడుగు కొడితేనే గెలిచినం గదా మామా!’ అని. ఆ రెండో గోల్ లేకుంటే ఆ మూడోదానికి విలువెక్కడిదిరా అని నేనన్నాను. వాడు వినే స్థితిలో లేడు.

ఈ ఏడాది మా బడిలో ఆరు, ఏడు తరగతుల పిల్లలకు డ్రిల్ పీరియడ్‌లో ఒక నియమం పెట్టాను. బంతి సగం గీత దాటాలంటే కనీసం ఒక పాస్ అయి ఉండాలి, గోలీ కాలితో పొడుగ్గా కొడితే అవతలివాళ్లకు ఫ్రీ కిక్. మొదట్లో గొడవ గొడవ, స్కోర్లు తొమ్మిదీ ఎనిమిదీ అవుతున్నాయి, సొంత గోల్ దగ్గర బంతులు పోగొట్టుకుంటున్నారు. పక్క బడితో ఆడితే ఓడిపోయాం కూడా, బాగానే ఓడిపోయాం. హెడ్‌మాస్టర్ పిలిచి అడిగారు, వచ్చే నెల మండల పోటీలున్నాయి కదా, అప్పటికైనా ఈ ప్రయోగం ఆపుతారా అని. ఆపనన్నాను. వెనక ఎవరిని ఆడించాలో మాత్రం ఇంకా తేలలేదు, పొడుగు పిల్లాణ్నా, లేక తల వంచకుండా బంతి తీసుకునే ఆ ఆరో తరగతి పిల్లనా.